లాగుడు గూడు

జూన్ 8, ఆదివారం

ఈయన ఈ రోజు కూడా కూరకి వంక పెట్టలేదు.

దొండకాయ వేపుడు మాడింది. కావాలని మాడ్చలేదు, మేడిపల్లి నుంచి దీప ఫోన్ చేస్తే కూతురితో మాటల్లో పడి మర్చిపోయాను. పెళ్లైన దగ్గర్నుంచీ ఉప్పు తక్కువైందనో, మీ ఆంధ్రోళ్లకు పులుసు తప్ప ఏం వండరాదనో అంటే తప్ప ముద్ద దిగని మనిషి, ఆ బొగ్గుని నోరెత్తకుండా తిన్నారు. అదీ గోడవైపు తిరిగి, ఎడం చేత్తో, చెంచా పట్టుకుని.

ఫిబ్రవరిలో పక్షవాతం వచ్చినప్పటినుంచీ ఇంతే. మాట తిరిగి వచ్చేసింది. కాలు కాస్త తేరుకుంది, గోడ పట్టుకుని ఈడ్చుకుంటూ నడుస్తారు. కుడి చెయ్యి మాత్రం తువ్వాలు కింద దాక్కుంది. దాన్ని నాకు కూడా చూపించరు. తియ్యబోతే "ఇడువు" అంటారు. నేను చెయ్యి అందిస్తే పట్టుకోరు, గోడనే పట్టుకుంటారు. ఫిజియోథెరపీకి వచ్చే హరిత ఇచ్చిన మెత్తటి బాల్ మంచం కింద దుమ్ము కొట్టుకుపోతోంది. బాలనర్సింహ అంటే నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో తెలియని ఫిట్టర్ ఉండేవాడు కాదు. అలాంటి మనిషి ఎవరి ముందూ తినడానికి సిగ్గుపడుతున్నారు. నాకు ఏ దేవుడూ ఏమీ ఇవ్వక్కర్లేదు, ఒక్కసారి కూర బాగాలేదని తిడితే చాలు.

ఇక కోళ్ల సంగతి. దానికీ దీనికీ సంబంధం లేదు. బజారు కోళ్లకి ఏవేవో ఇంజక్షన్లు పొడుస్తారని మా స్కూల్లో సుశీలమ్మ గారు చెప్పారు. మా ఇంటి వెనక, మామగారు పోశయ్య గారి పొలంలో అమ్మేయగా మిగిలిన చివరి ముక్క ఉంది, గడ్డి మోకాలెత్తు పెరిగింది. ఫోన్లో ఒక వీడియో చూశాను, ఒకాయన అడుగు లేని గూడు చేసి, రోజూ దాని పొడవంత ముందుకి లాగుతున్నాడు. కోళ్లకి రోజూ కొత్త గడ్డి, వెనక నేలకి ఎరువు. ఘట్‌కేసర్ వెళ్లి ఇరవై బాయిలర్ పిల్లలు తెచ్చేశాను. వంటింట్లో అట్టపెట్టెలో బల్బు కింద ఉన్నాయి.

"అవ్వేంది?" అన్నారు.

"కోడిపిల్లలు."

"ఎందుకు?"

"తినడానికి."

మళ్లీ గోడవైపు తిరిగారు. అయినా రెండు ప్రశ్నలు అడిగారు కదా, అందుకే రాసుకుంటున్నాను.

జూన్ 11

ఈయన అక్క ఉప్పలమ్మ వదిన వచ్చింది. వెనక వీధే కాబట్టి రోజుకోసారి వస్తుంది. పెట్టెలోకి తొంగి చూసి, వేళ్ల మీద లెక్క పెట్టి నెత్తి కొట్టుకుంది.

"పిల్లా, ఇవి ఆరు వారాలకు కోతకొస్తయి. అటెన్క మూణ్ణాలుగు దినాలకే శ్రావణం. శ్రావణంల మనింట్ల నీసు ముడుతరా? నెల ఆగుతమంటే ఇవి బాయిలర్‌వి, ఒళ్లు బరువై కాళ్ల మీద నిలవడయి."

అది నాకు తట్టనే లేదు. అన్ని లెక్కలూ వేశాను గానీ పంచాంగం చూడలేదు. బిక్కమొహం వేశాను.

"ఫికర్ చెయ్యకు. శ్రావణానికి ముందటి ఆదివారం మన దిక్కు బోనాలే కదా, ఆనాడే కోద్దం. దీపను, అల్లుని పిలు. అందరం ఒక్క బంతిల కూసొని తిందం."

లోపల్నుంచి ఈయన గొంతు వినిపించింది. "నేను బంతిల కూసోను. నాది అర్రలకే పంపున్రి."

వదిన ఏదో అనబోయింది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం, ముందు గూడు కట్టాలి.

జూన్ 15

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కోళ్లకి ఇల్లు కట్టి చూడమని ఎవరూ అనలేదు, నాకే బుద్ధి లేక మొదలుపెట్టాను.

అటక మీది పాత ఇనప మంచం దింపి, వెల్డింగ్ షాపులో కోయించి గూడు చేయించాను. దిట్టంగా వచ్చింది. నేనూ వదినా చెరో పక్కా పట్టి లాగితే జానెడు కూడా కదల్లేదు. నా నడుం మాత్రం కదిలింది.

కిటికీలోంచి ఈయన అన్నారు, "గది కోళ్ల గూడు కాదు. కాంపౌండ్ గేటు."

నవ్వలేదు. కానీ కిటికీ దాకా లేచి వచ్చారు.

జూన్ 17

ఈసారి పీవీసీ పైపులు. హబ్సిగూడ రోడ్డులో హార్డ్‌వేర్ షాపతను కోసి ఇచ్చాడు. మూలల్లో పైపులు కలిపే ఎల్బోలు, అతికించే సొల్యూషన్, కోళ్ల జాలీ, నీలం టార్పాలిన్. షేర్ ఆటోలో పైపులు బయటికి పొడుచుకొచ్చి, దారిలో బైకుల వాళ్లంతా నన్ను తిట్టారు.

సాయంత్రం కూర్చుని అతికించాను. సొల్యూషన్ ఇట్టే గట్టిపడిపోతుందని నాకేం తెలుసు, మూల వంకరగా అతుక్కుపోయింది.

కిటికీ: "గునియా పెట్టి సూసినవా? మూల సూడు ఎట్ల పోయిందో. గూడు జేస్తున్నవా, పతంగి జేస్తున్నవా?"

మూలమట్టాన్ని ఈయన గునియా అంటారు. నాకు నిజంగానే ఈ పని రాదు. కావాలని వంకరగా అతికించానని ఎవరైనా అంటే ఊరుకోను.

జూన్ 18

రెండో మూల కూడా వంకర పోయింది. ఏం చేస్తాం.

జూన్ 19

మూడోది అతికించబోతుంటే ఈయన పెరట్లోకి వచ్చారు! గోడ పట్టుకుని, మెట్టు దిగి, ఒక్కరే. నేను తల ఎత్తలేదు. ఎత్తితే వెనక్కి వెళ్లిపోతారని భయం. వదిన కుర్చీ తెచ్చి వేసింది.

"ముప్పై ఏండ్లు ఫిట్టర్‌తోని సంసారం జేసినవ్. గిదా నేర్చుకున్నది? ముందుగాల ఉత్తగ జోడించి సూడాలె. గునియా పెట్టి గుర్తు గీయాలె. గప్పుడు అంటియ్యాలె."

"అయితే మీరు గీయండి," అన్నాను.

ఎడం చేత్తో పెన్సిల్ పట్టుకుని గీశారు. గీత వణికింది గానీ గుర్తు సరిగ్గానే పడింది. పైపు దొర్లిపోతుంటే తువ్వాలుతో సహా కుడి చెయ్యి దాని మీద ఆనించారు. నేను చూడలేదు. ఇక్కడ కూడా చూడలేదనే రాస్తున్నాను.

జూన్ 22

గూడు అయిపోయింది. మంచమంత ఉంది, ఎత్తు మోకాళ్ల దాకా. సగం టార్పాలిన్, సగం జాలీ, పైన ఎత్తే తలుపు, ముందు లాగడానికి తాడు. బండెడు బరువుంటుందనుకుంటే వదిన ఒక్క చేత్తో ఒక పక్క పైకెత్తింది. ఈయన మొహంలో, దాచుకోబోయారు గానీ, కాస్త గర్వం కనబడింది.

అంతలో వదినకి దిష్టి గుర్తొచ్చింది. కొత్తిల్లు కదా, నాకు చెప్పకుండా నాచారం మార్కెట్ నుంచి బూడిద గుమ్మడికాయ తెచ్చి, పసుపూ కుంకుమా పెట్టి పైపు నడుమ వేలాడదీసింది. పైపు వంగిపోయి ధనుస్సయింది. గుమ్మడికాయ నేలకి తాకింది.

"అక్కా, తియ్యే! గూడు బొక్కలిరుగుతయి!" అంటూ ఈయన నవ్వారు. పూర్తిగా, దగ్గొచ్చేలా నవ్వారు. ఆ నవ్వు విని నాకు ఏడుపొచ్చింది. ఆఖరికి నిమ్మకాయ, రెండు మిరపకాయలు కట్టి వదిన సరిపెట్టుకుంది.

పోతూ పోతూ వాస్తు కూడా చెప్పింది. "నైరుతి మూలల మొదలువెట్టి ఈశాన్యం దిక్కు గుంజున్రి. మంచిగుంటది." నాకు వాస్తు పిచ్చి లేదు. కానీ అందరి జాగాల్లాగే మాదీ ఈశాన్యానికి వాలుగా చదును చేసిందే, పల్లానికి లాగడం తేలిక. సరే అన్నాను.

జూన్ 25

పిల్లలు గూట్లోకి మారాయి. వంటింట్లో వాసన పోయింది. కిచకిచలు లేక వంటిల్లు బోసిగా ఉంది.

జూన్ 29

పొద్దున్నే స్కూలుకి పోయేముందు గూడుని ఒక పొడవు లాగుతున్నాను. గూటికి అడుగు లేదు కాబట్టి కోళ్లే దానితో పాటు నడుస్తాయి. వెనకది ఒక్కటి మాత్రం బద్ధకంగా పైపు తగిలేదాకా లేవదు. ఈయన కుర్చీలోంచి "ఏయ్, లే!" అని దాన్ని అదిలిస్తారు. గూడు వదిలిన చోట గడ్డి చాప పరిచినట్టు అచ్చుపడి ఉంటుంది.

అన్నం మాత్రం ఇంకా గోడవైపే.

జులై 1

ఈ రోజు పప్పులో ఉప్పు వెయ్యలేదు. ఒక్క రవ్వ కూడా. కావాలనే.

తిన్నారు. గిన్నె ఖాళీ చేసి పక్కన పెట్టారు. నేను కూడా అదే పప్పు తిన్నాను, చప్పిడి గడ్డి. వంటింట్లో కూర్చుని ఏడ్చాను.

జులై 3

స్కూలు నుంచి వచ్చేసరికి గూడు నేను పెట్టిన చోట లేదు, ముందుకి జరిగి ఉంది. వదినని అడిగితే తను కాదంది. తేలిక గూడు కదా, గాలికి కదిలి ఉంటుంది.

జులై 4

మళ్లీ జరిగింది. గాలే.

జులై 7

గాలి కాదు.

తడి నేల మీద గూటి పైపులు గీసిన రెండు గీతలున్నాయి. వాటి ముందు అడుగులున్నాయి. ఒక పాదం శుభ్రంగా పడింది. రెండోది పడలేదు, పొడుగ్గా ఈడ్చిన గీత. తాడు చివర కొత్తగా ఒక పెద్ద ముడి వేసి ఉంది, మణికట్టు దూరేంత ఉచ్చు. వేళ్లు మూసుకోని చెయ్యి తాడు పట్టుకోలేదు. మణికట్టుకి తగిలించుకుంటే లాగొచ్చు.

నేను లేనప్పుడు ఆ చెయ్యి తువ్వాలు దాటి బయటికి వస్తోంది. ఒంటరిగా, ఎవరూ చూడకుండా, కోళ్ల ముందు మాత్రమే.

అడగను. అడిగితే ఆగిపోతారు. లోపలికి వెళ్లి, "టీ పెట్టనా?" అన్నాను. "పెట్టు" అన్నారు. తువ్వాలు ఎప్పటిలాగే ఉంది.

జులై 8

నడుం నొప్పి అని చెప్పి పొద్దున్న గూడు లాగలేదు. సాయంత్రానికి జరిగి ఉంది.

జులై 9

నడుం నొప్పి.

జులై 11

నడుం బ్రహ్మాండంగా ఉంది. లాగలేదు.

జులై 14

ఒక చిక్కొచ్చింది. గూడు ఈశాన్యం గోడ దగ్గరపడింది. ఇంకో నాలుగు రోజులు లాగితే గోడకి తగులుతుంది, అక్కడి నుంచి వెనక్కి తిప్పాలంటే ఎగువకి లాగాలి. కోళ్లు బలిశాయి. కోళ్లు నడుస్తాయి సరే, బరువెక్కినవి త్వరగా కదలవు, పైపుకి అడ్డం పడతాయి. ఎగువకి లాగడం ఈయన వల్ల కాదు. నేను లాగుతానంటే, ఇన్నాళ్లూ లాగింది తనేనని నాకు తెలుసని ఈయనకి తెలిసిపోతుంది.

ఆదివారం ఎలాగూ కోత కదా, అప్పటిదాకా అక్కడే ఉంటాయిలే అనుకున్నాను.

జులై 17, గురువారం

తడి చీర మార్చుకుని రాస్తున్నాను.

మధ్యాహ్నం రామంతాపూర్‌లో ఉన్నట్టుండి చీకటి పడింది. వాన కాదు, కుండపోత. స్కూల్లోంచి చూస్తే గేటు కనబడలేదు. నాకు మొదట కోళ్లు గుర్తురాలేదు, ఈశాన్యం గుర్తొచ్చింది. జాగాలో పడ్డ ప్రతి చుక్కా ఆ మూలకే పోతుంది, పోవాలనే కదా వాలుగా చేసింది. గూడు ఆ మూలలోనే ఉంది. ఈయన ఇంట్లో ఒక్కరే ఉన్నారు, చూస్తూ ఊరుకోరు.

ఫోన్ చేశాను, ఎత్తలేదు. వదినకి చేశాను, ఆవిడ ఉప్పల్ సంతలో ఉంది. ఆటో దొరికి రింగ్ రోడ్డు దాకా వచ్చేసరికి నీళ్లలో ఆగిపోయింది. మెట్రో స్తంభాల కింద జనం గొర్రెల్లా నిలబడి ఉన్నారు. నేను నిలబడలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని, ఇంటి దారి పట్టి హబ్సిగూడ వైపు నడిచాను. దారిపొడుగునా కోళ్లు పోతే పోనీ, పోచమ్మ తల్లీ, ఆయన్ని బయటికి రానివ్వకు అనుకుంటూనే ఉన్నాను.

ఇంటికొచ్చి పెరట్లోకి పరిగెత్తాను. మూలలో మోకాలెత్తు నీళ్లు. గూడు ఒక పక్కకి ఒరిగి, ఒక ఎల్బో ఊడి, టార్పాలిన్ నీళ్ల మీద తేలుతోంది. లోపల ఒక్క కోడి లేదు. కుర్చీలో ఈయన లేరు.

"ఏవండీ!" అని అరిచాను. పలకలేదు. మళ్లీ అరిచాను.

"ఈడనే ఉన్న. ఒర్రకు, బెదురుతయి."

లోపల్నుంచి. వెళ్లి చూస్తే హాలు నిండా కోళ్లు. దివాన్ మీద, టీవీ బల్ల మీద, దీప పెళ్లి ఫోటో కింద. వెనక గడప దగ్గర ఈయన నేల మీద కూలబడి ఉన్నారు, ఛాతీ దాకా బురద, కాలు చాపి. లేవలేకపోయారు. తువ్వాలు ఒళ్లో ఉంది, కానీ అందులో చెయ్యి లేదు, తడిసి వణుకుతున్న ఒక కోడి ఉంది. దాని వీపు మీద ఈయన కుడి చెయ్యి ఉంది.

అయిదు నెలల తర్వాత ఆ చెయ్యిని చూశాను. చిక్కిపోయింది. వేళ్లు సగం ముడుచుకుని ఉన్నాయి. ఎవరినీ ముట్టనివ్వలేదు కదా, గోళ్లు పొడుగ్గా పెరిగి ఉన్నాయి. మణికట్టు చుట్టూ తాడు కోసిన ఎర్రటి గీత ఉంది.

"ఎగువకు గుంజబోయిన, రాలె," అన్నారు. "గూడు అల్కగ ఉండె, బరువు లేదు కాబట్టి బతికినయి. తాడు గుంజి ఒరగేసిన. హుష్ అన్న. ఇంట్లకే ఉరికినయి. రెండు పోయినయి, విజయా. రెండు కాపాడలేకపోయిన."

ఏడుస్తున్నారు. పెళ్లయ్యాక ఈయన ఏడవడం ఇదే చూడ్డం. నేను గోడవైపు నుంచి వెళ్లి పక్కన కూర్చున్నాను. కాసేపటికి ఒళ్లో కోడిని దించారు.

"లేపు నన్ను," అన్నారు.

చెయ్యి చాపారు, కుడి చెయ్యే. పట్టుకున్నాను. చల్లగా ఉంది, వేళ్లు నా వేళ్లని పట్టుకోలేదు. కానీ కొంచెం, కొంచెమే, నొక్కాయి.

జులై 18

స్కూలుకి సెలవు పెట్టాను. కోళ్లు స్నానాలగదిలో ఉన్నాయి, ఇంటి సంగతి రాయను.

ఈయన చెయ్యి వేడినీళ్లలో పెట్టి గోళ్లు తీశాను. ఒక్కో వేలూ విప్పి తియ్యాల్సి వచ్చింది.

"మెల్లగ. నరికేటట్టున్నవ్."

"కదలకండి మరి."

"తాడు ముడి సూసినవా నువ్వు?"

"చూశాను."

"ఎప్పుడు?"

"ఎప్పుడో."

అయినా గోళ్లన్నీ అయ్యేదాకా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

జులై 19

ఎల్బో అతికించాం. గునియా నేను పట్టాను, గుర్తు ఈయన గీశారు. ఇప్పుడు గూటికి రెండు తాళ్లు. ఒకటి మామూలు తాడు, ఒకటి ఉచ్చుది. ఇద్దరం చెరోటి పట్టి గూడుని ఎగువకి, నైరుతి మూలకి లాగాం. మధ్యలో ఎన్నిసార్లు ఆగామో. వాస్తు ప్రకారం అది వెనక్కి పోవడమట, వదిన చూసి చెంపలేసుకుంది.

జులై 20, ఆదివారం, బోనాలు

కోళ్లని వదినే కోసింది. నేను అటు వెళ్లలేదు, ఈయన వెళ్లి కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "పెంచినోడు ఎదురుంగ ఉండాలె," అన్నారు. వదిన ఆ బద్ధకం కోడిని కూడా కోసింది. తినడానికే పెంచాం, తెలుసు. అయినా కాసేపు మనసు అదోలా ఉంది.

కూర నేను వండాను. ఉప్పు వదిన చూసింది, సరిపోయిందంది. హాల్లో చాపలు వేసి అందరికీ వరసగా విస్తర్లు వేశాం. వదిన, దీప, అల్లుడు, చుట్టాలు. ఈయన పళ్లెం విడిగా సర్ది, చెంచా పెట్టి, గదిలోకి తీసుకెళ్లబోయాను.

గడపలో ఎదురొచ్చారు. గోడ పట్టుకుని వచ్చి, పంక్తి చివర కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ముందు స్టూల్ వేసి పళ్లెం పెట్టాను. చెంచా తీసి నా చేతిలో పెట్టేశారు.

కుడి చెయ్యి పళ్లెంలో పెట్టారు. కలిపారు. కలిపారంటే, అటూ ఇటూ నెట్టారు. ముద్ద ఎత్తితే సగం లుంగీ మీద పడింది. దీప లేవబోయింది, వదిన దాని మోకాలు పట్టి కూర్చోబెట్టింది. అందరూ ఎవరి విస్తరి వాళ్లే చూసుకుంటున్నారు, ఇంత శ్రద్ధగా తినడం ఈ ఇంట్లో ఎప్పుడూ చూడలేదు. ముక్క జారింది. మళ్లీ పట్టుకున్నారు. ఈసారి నోటి దాకా వెళ్లింది.

చాలాసేపు నమిలారు. గోడవైపు తిరగలేదు, నావైపు చూశారు.

"ఉప్పు తక్కువైంది," అన్నారు.

ఏం తక్కువ కాలేదు. ఉప్పు డబ్బా తెస్తానని లేచి వెళ్లాను. రావడానికి కాస్త ఆలస్యమైంది. డబ్బా గ్యాస్ పొయ్యి పక్కనే, రోజూ ఉండే చోటే ఉంది.